ల తొరోనె మఠం: బోసి రాతి మీది వెలుతురును ఫొటో తీయడం ఎలా?

ప్రశ్న (మెహదీపట్నం):
అక్టోబరులో దక్షిణ ఫ్రాన్స్ వెళ్తున్నాను. ప్రొవాన్స్‌లోని ల తొరోనె మఠాన్ని, అంటే 12వ శతాబ్దంలో సిస్టర్షియన్ సన్యాసులు కట్టుకున్న నిరాడంబరమైన ఆరామాన్ని, తీరిగ్గా ఫొటోలు తీయాలని ఉంది. ముందుగా కుతుబ్‌షాహీ సమాధుల లోపల సాధన చేస్తున్నాను. కిటికీకి సరిపడా ఎక్స్‌పోజర్ పెడితే గోడ నల్లబడుతోంది, గోడకు పెడితే కిటికీ తెల్లగా మాడిపోతోంది. మూడు ఎక్స్‌పోజర్లు కలిపితే అన్నీ కనిపిస్తున్నాయి గానీ, లోపలి చీకటంతా పోయి ఫంక్షన్ హాలులా తయారవుతోంది. ఏం చేయమంటారు?

జవాబు (తార్నాక):
అలా కలపడం మానేయండి. 1098లో ఫ్రాన్స్‌లోని సీతో మఠంలో మొదలైన సిస్టర్షియన్ సంప్రదాయం వారు 12వ శతాబ్దంలో చేసుకున్న నియమాల ప్రకారం కిటికీ అద్దాలకు రంగులు గాని బొమ్మలు గాని ఉండకూడదు, చర్చిలో శిల్పాలకూ చోటు లేదు. అందువల్ల లోపలికి వచ్చేది రంగు కలవని ఎండ, దానికి దొరికేది ఉత్త రాయి. గోడలు బాగా మందంగా ఉండి, కిటికీ గూడు లోపలివైపు విచ్చుకుంటూ రావడంతో, వెలుగు ముందుగా ఆ ఏటవాలు రాతి మీద పడి, అక్కడి నుంచి మెత్తబడి పక్క గోడల మీదికి పాకుతుంది. స్పాట్ మీటరింగ్, అంటే ఒక చిన్న చోటి వెలుగునే కొలిచే పద్ధతి, ఆ ఏటవాలు రాతి మీదే పెట్టండి. కిటికీ నడిమి భాగం తెల్లబడినా, మూలలు నల్లబడినా పట్టించుకోకండి. వైట్ బ్యాలెన్స్‌ను (వెలుగు ఛాయను సరిచేసే అమరికను) ఆటోలో వదిలితే సున్నపురాతి వెచ్చని ఛాయను కెమెరా తుడిచేస్తుంది కాబట్టి దాన్ని పగటి వెలుగుకు బిగించి, రా (RAW) ఫైళ్లు, అంటే కెమెరా సవరించని ముడి ఫైళ్లు, తీయండి.

అన్నట్టు, అక్కడి రాళ్లను దాదాపు సున్నం లేకుండా అతికినట్టు పేర్చారు, కనుక పక్కనుంచి రాసుకుంటూ పోయే వెలుగులో ఒక్కొక్క అతుకూ సన్నని గీతగా తేలుతుంది. సమాధుల లోపలి గచ్చు మీద ఇది కనబడదు. సాధనకు గోల్కొండ కోటలోని గ్రానైటు గోడలే మేలని నా అభిప్రాయం.

జవాబు (సైనిక్‌పురి):
పై మాటతో ఏకీభవిస్తాను. చండీగఢ్ భవనాలను ఫొటోలు తీసిన ఫొటోగ్రాఫర్ లూసియెన్ హెర్వే ఈ మఠాన్ని కూడా నలుపు తెలుపుల్లో తీశారు. 1956లో పుస్తకంగా వచ్చిన ఆ ఫొటోలకు చండీగఢ్ వాస్తుశిల్పి ల కొర్బూజియే ముందుమాట రాశారు. నీడను ఒక దిమ్మెలా నిలబెట్టి, అక్కర్లేనిదాన్ని నిర్దాక్షిణ్యంగా కత్తిరించడం హెర్వే పద్ధతి. రంగులో తీసినా ఆ ఫొటోలు ఒకసారి చూసి వెళ్లండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. వేళ ఏది మంచిది? ట్రైపాడ్ తప్పదా?

జవాబు (తార్నాక):
చర్చి గర్భభాగం తూర్పున ఉంది కాబట్టి ఉదయమే అక్కడికి వెళ్లండి. చర్చికి ఉత్తరాన తోట చుట్టూ ఉన్న వసారాలలోకి ఎండ ఆ తోట వైపు కమానుల గుండా వస్తుంది, కనుక పొద్దున పడమటి వసారా, మధ్యాహ్నం దాటాక తూర్పు వసారా చూసుకోండి. ట్రైపాడ్‌కు అనుమతి ఉందో లేదో ముందే మెయిల్‌లో అడగండి. లేదంటే స్తంభానికి ఆనుకుని ఐ.ఎస్.ఓ. (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచుకోవచ్చు. కెమెరాను మాత్రం పైకి ఎత్తకండి, గోడలు వెనక్కి వాలినట్టు వస్తాయి. వెనక్కి జరిగి, సమంగా పట్టుకుని, కింద మిగిలిన నేలను తరువాత కత్తిరించుకోండి.