ఇతరుల ప్రాణాలను కూడా పణంగా పెట్టే పర్వతారోహణ ‘సొంత ఇష్టం’ అవుతుందా?

హిమరేఖ:
ఎత్తైన శిఖరాలపై ఎవరైనా మరణించిన వార్త వచ్చిన ప్రతిసారీ ‘అది వారి ప్రాణం, వారి ఇష్టం’ అన్న మాటతో చర్చ ముగిసిపోతుంది. ఒంటరిగా ఎక్కి ఒంటరిగా దిగేవారి విషయంలో ఆ మాట చెల్లుతుందేమో గాని, ఎనిమిది వేల మీటర్లకు మించిన శిఖరాలపై నేడు జరుగుతున్న యాత్రల విషయంలో అది చెల్లదని నా అభిప్రాయం. 1922 జూన్ 7న ఎవరెస్ట్ ఉత్తర దిశలోని నార్త్ కోల్ అనే కనుమ వాలుపై మంచు చరియ జారి ఏడుగురు కూలీలు మరణించారు. ఆ జట్టులోని బ్రిటిష్ ఆరోహకులు మాత్రం ప్రాణాలతో తిరిగి వెళ్లారు. తొంభై రెండేళ్ల తరువాత, 2014 ఏప్రిల్ 18న, దక్షిణ మార్గంలోని ఖుంబూ ఐస్‌ఫాల్‌పై భారీ మంచు గడ్డలు విరిగిపడి 16 మంది నేపాలీ కార్మికులు చనిపోయారు. వారంతా ఇతరుల యాత్రల కోసం సామగ్రి మోస్తూ, దారి సిద్ధం చేస్తూ ఉన్నవారే.

ఖుంబూ ఐస్‌ఫాల్ నిరంతరం కదులుతూ ఉండే హిమానీనదపు భాగం. అక్కడి మంచు స్తంభం ఏ క్షణాన కూలుతుందో ఎంతటి అనుభవజ్ఞుడూ చెప్పలేడు. నైపుణ్యం ఆపలేని ప్రమాదాన్ని తగ్గించుకోవడానికి ఉన్న మార్గం, ఆ చోటును వీలైనన్ని తక్కువసార్లు దాటడమే. డబ్బు కట్టి వచ్చిన ఆరోహకుడు దానిని కొద్దిసార్లే దాటుతాడు. అతని గుడారం, ఆహారం, ఆక్సిజన్ సిలిండర్లు మోసే షెర్పా అంతకంటే ఎన్నో ఎక్కువసార్లు దాటవలసి వస్తుంది. శిఖరం దక్కేది ఒకరికి, అపాయంలో పెద్ద వాటా మరొకరికి అయినప్పుడు దానిని సొంత ఇష్టం అని ఎలా అనగలం?

తాడుముడి:
హిమరేఖ గారి ప్రశ్న న్యాయమైనదే గాని, మనుషులు అసలు ఎందుకు ఎక్కుతారన్నది అందులో మరుగున పడింది. నేను చిన్న శిఖరాలు మాత్రమే ఎక్కినవాడిని. అయినా నిటారు మంచువాలుపై నిలిచినప్పుడు నిన్నటి చింత గాని రేపటి లెక్క గాని ఉండదని, తరువాతి అడుగు ఎక్కడ వేయాలన్నదొక్కటే ఉంటుందని అనుభవం మీద చెప్పగలను. అంతటి ఏకాగ్రతను ఒకసారి ఎరిగినవారు మళ్లీ మళ్లీ కొండల వైపు వెళ్లడాన్ని కీర్తి కండూతిగా కొట్టిపారేయడం సరికాదు. ఎవరెస్ట్ శిఖరంపై గాలి పీడనం సముద్రమట్టం వద్ద ఉండేదానిలో సుమారు మూడో వంతు మాత్రమే. సిలిండర్ లేకుండా అక్కడికి చేరడం మనిషికి సాధ్యం కాదని ఎందరో భావించిన కాలంలో, 1978 మే 8న, రైన్‌హోల్డ్ మెస్నర్, పీటర్ హేబెలర్ ఆ పని చేసి దిగివచ్చారు. మన శరీరపు హద్దుల గురించి అప్పటివరకు ఉన్న అంచనాలను అది మార్చింది.

షెర్పాలను కేవలం బాధితులుగా చూడడం కూడా వారికి చేసే అన్యాయమే. అప్పటివరకు చలికాలంలో ఎవరికీ లొంగని, ప్రపంచంలో రెండో ఎత్తైన కేటూ శిఖరాన్ని, 8,611 మీటర్ల ఎత్తున, 2021 జనవరి 16న తొలిసారి అధిరోహించినది పదిమంది నేపాలీలు. ముందు చేరినవారు శిఖరానికి కొద్ది మీటర్ల దిగువన ఆగి, తక్కినవారి కోసం వేచి ఉండి, అందరూ కలిసి పైకి నడిచారు. ఆకర్షణ డబ్బున్న విదేశీయులకు మాత్రమే పరిమితమైతే ఈ ఘట్టానికి అర్థమే లేదు.

లోయదారి:
కుటుంబం సంగతి ఇంతవరకు ఎవరూ ప్రస్తావించలేదు. ఇద్దరు పిల్లల తల్లి అయిన అలిసన్ హార్‌గ్రీవ్స్ 1995 ఆగస్టులో కేటూపై మరణించినప్పుడు, తల్లి అయి ఉండి ఎలా వెళ్లిందని ఎందరో నిందించారు. తండ్రులైన ఆరోహకులను ఆ ప్రశ్న అంత కటువుగా అడగడం అరుదు. కుటుంబ బాధ్యతను ఈ చర్చలోకి తెచ్చేవారు ముందుగా దానిని అందరికీ సమానంగా వర్తింపజేయాలని మనవి.

హిమరేఖ:
లోయదారి గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. తాడుముడి గారు చెప్పిన కేటూ ఘట్టం నన్నూ కదిలించింది, కాని అది నా వాదాన్నే బలపరుస్తోంది. ఆ పదిమంది తమ కోసం తాము ఎక్కారు. మరొకరి సిలిండర్ మోస్తూ రోజుకూలి కోసం ఎక్కడం వేరు. ఇతర జీవనాధారం తక్కువైన చోట ‘అంగీకరించాడు కదా’ అన్న మాటకు ఎంత బరువు ఇవ్వాలో ఆలోచించండి.

ఆకర్షణ విషయంలో నన్ను భయపెట్టేది మరొకటి ఉంది. శిఖరం దగ్గరయ్యే కొద్దీ ఆక్సిజన్ కొరతతో మెదడు మందగిస్తుంది. సరిగ్గా వివేచన అత్యవసరమైన చోటే అది సన్నగిల్లుతుంది. 1996 మే 10న ఎవరెస్ట్‌పై పలువురు, క్షేమంగా దిగాలంటే వెనుదిరగవలసిన గడువైన మధ్యాహ్నం రెండు గంటలు దాటాక కూడా వెనుదిరగకుండా పైకి సాగారు. ఆ సాయంత్రం విరుచుకుపడిన తుఫానులో ఎనిమిది మంది మరణించారు. 2006 మేలో ఎవరెస్ట్ ఉత్తర మార్గంలో ఆరోహకుడు డేవిడ్ షార్ప్ మృత్యుముఖంలో ఉండగా దాదాపు నలభై మంది ఆ దారిన వెళ్లారు. అందరూ హృదయం లేనివారని నేను అనను. కొందరు అతడిని గమనించలేదు, కొందరు సహాయానికి ప్రయత్నించారు. కాని అదే నెలలో, అదే మార్గంలో, చనిపోయాడని వదిలేసిన లింకన్ హాల్ సజీవంగా కనిపించినప్పుడు, డాన్ మజూర్ జట్టు చేతికందే దూరంలోని శిఖరాన్ని వదులుకుని అతని పక్కన నిలిచింది. హాల్ బతికాడు.

తాడుముడి:
అయితే మన మధ్య ఉన్న భేదం నేను అనుకున్నంత పెద్దది కాదు. మజూర్ జట్టు చేసినదే పర్వతారోహణకు ప్రమాణమని నేనూ అంటాను. 2018 జనవరిలో పాకిస్తాన్‌లోని నంగా పర్బత్ శిఖరంపై చిక్కుకున్న ఆరోహకురాలు ఎలిజబెత్ రెవోల్ కోసం, కేటూ యాత్రలో ఉన్న డెనిస్ ఉరుబ్కో, ఆడమ్ బీలెట్స్కీ హెలికాప్టర్‌లో వచ్చి, రాత్రంతా చీకట్లో ఎక్కి ఆమెను కిందికి తెచ్చారు. ఇంకా పైన ఉన్న ఆమె సహచరుడిని మాత్రం చేరుకోలేకపోయారు.

భూటాన్ 2003లో పర్వతారోహణను పూర్తిగా నిషేధించింది. అక్కడి ప్రజల విశ్వాసాల దృష్ట్యా ఆ నిర్ణయం గౌరవనీయం, కాని ఎవరెస్ట్ దిగువన నేపాల్‌లో ఉన్న ఖుంబూ లోయలో అదే చేస్తే ముందుగా ఉపాధి కోల్పోయేది మీరు ఎవరి పక్షాన మాట్లాడుతున్నారో వారే. నేపాల్ 2025 సెప్టెంబరు నుంచి వసంత రుతువులో ఎవరెస్ట్ ఎక్కే అనుమతి రుసుమును 11,000 నుంచి 15,000 డాలర్లకు పెంచింది. అది అనుభవం లేనివారిని ఆపదు, డబ్బు లేనివారిని మాత్రమే ఆపుతుంది. ముందుగా ఏడు వేల మీటర్ల శిఖరం ఒకటైనా ఎక్కి ఉండాలన్న నిబంధన, వెనుదిరిగే వేళపై గైడ్ మాటే తుది నిర్ణయమన్న ఒప్పందం, కార్మికులకు గట్టి బీమా ఉంటే నేను సమర్థిస్తాను. ఐస్‌ఫాల్ మీదుగా నిచ్చెనలు, తాళ్లు చేరవేయడానికి ఇటీవల డ్రోన్లు వాడుతున్నారు. షెర్పాలు దానిని దాటే సంఖ్య తగ్గడానికి నాకు కనిపిస్తున్న అత్యంత ఆచరణీయ మార్గం ఇదే.

హిమరేఖ:
ఆ నిబంధనలన్నిటినీ నేనూ కోరుతున్నాను. అయితే ఒకటి చేర్చండి: డ్రోన్లు వచ్చాక మోతపని తగ్గితే, ఆ కార్మికుల ఆదాయం తగ్గకుండా చూసే ఖర్చు ఆరోహకుడే భరించాలి. దీనికి మీరు సమ్మతిస్తారా?