పీఎం ఫారిన్ వెళ్తే అక్కడ సెక్యూరిటీ ఎవరి చేతిలో ఉంటది? తెలిసినోళ్ళు చెప్పండి

బ్రాడీపేట_బుజ్జి:
మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర వీఐపీ కాన్వాయ్ ట్రయల్ రన్ అని బండ్లన్నీ ఆపేశారు, మా మావయ్యా నేనూ ఎండలో ఇరుక్కుపోయి ఇక టైంపాస్‌కి వాదన మొదలెట్టాం. ఆయనేమో ప్రధాని విదేశాలకి పోయినా ఎస్పీజీ (పీఎంకి కాపలా కాసే స్పెషల్ ప్రొటెక్షన్ గ్రూప్) వాళ్ళు ముందే దిగి అంతా వాళ్ళ కంట్రోల్‌లోకి తీసుకుంటారు అంటాడు, నేనేమో పరాయి దేశంలో మనోళ్ళు రోడ్డు ఎట్లా ఆపుతారు మావయ్యా అంటా. ఇంతకీ వెళ్ళే ముందు అక్కడ రిస్క్ ఎంత ఉంది అని ఎవరు చూస్తారు, ఏమేం చూస్తారు? వాట్సాప్ యూనివర్సిటీ ఆన్సర్లు వద్దు ప్లీజ్.

మాజీ_ఖాకీ:
బాబూ, నేను డిపార్ట్‌మెంట్‌లో చేసి రిటైరైనోణ్ణి, బందోబస్తులు బాగానే చూశా. ఫారిన్ సంగతి వేరేవాళ్ళు చెప్తారు గానీ ముందు ఇక్కడ ఏం జరిగిద్దో తెలిస్తే అది సులువుగా అర్థమయిద్ది. పీఎం వచ్చే ముందు ఎస్పీజీ టీం దిగిద్ది, ఏఎస్ఎల్ (అడ్వాన్స్ సెక్యూరిటీ లయజన్, అంటే ముందస్తు భద్రత ఏర్పాట్లు) అని మీటింగ్ పెడతారు, కలెక్టరు, పోలీసు, ఐబీ (ఇంటెలిజెన్స్ బ్యూరో), ఫైరు, కరెంటోళ్ళు, ఆర్ అండ్ బీ, డాక్టర్లు అందరూ కూర్చోవాల్సిందే. హెలిప్యాడ్ నించి స్టేజీ దాకా ఏ రూటు, అది చెడితే ఏ రూటు, దగ్గర్లో ఏ ఆసుపత్రి, సేఫ్ హౌస్ ఎక్కడ, అన్నీ రాసుకుంటారు. మేం చేసే పని ఏందంటే మ్యాన్‌హోల్ మూతలు తీసి చూసి సీలెయ్యటం, డాబాల మీద డ్యూటీ, తాళ్ళు పట్టుకుని జనాన్ని ఆపే రోప్ పార్టీ. బొకే ఇచ్చే ఆయన పేరు కూడా లిస్టులో ఉండాలి, ఆ బొకే చెక్ చేశాకే ఆయన చేతికి వచ్చిద్ది, లిస్టులో లేకపోతే ఎంత పెద్ద లీడరైనా బారికేడ్ అవతలే, ఈ విషయంలో మేం తిన్న తిట్లు అన్నీ ఇన్నీ కావు.

ఇంత చేసినా 2022 జులై 4న గన్నవరంలో పీఎం హెలికాప్టర్ లేచే టైంకి కాంగ్రెస్ వాళ్ళు నల్ల బెలూన్లు వదిలారు గుర్తుందా. ఎయిర్‌పోర్ట్‌కి దూరంగానే వదిలారు, ఏమీ కాలేదు, కానీ పేపర్లలో వారం రోజులు అదే. దానికి ముందు జనవరి 5న పంజాబ్‌లో వాతావరణం బాలేదని హెలికాప్టర్ మానేసి రోడ్డున వెళ్తే ఫిరోజ్‌పూర్ దగ్గర ఫ్లైఓవర్ మీద కాన్వాయ్ పావుగంట పైనే నిలబడిపోయింది, అదైతే సుప్రీంకోర్టు దాకా పోయింది. సొంత దేశంలోనే ఇట్లా ఉంటది మరి.

పటమట_పాలిటీ:
మాజీ_ఖాకీ గారు చెప్పినదానికి లీగల్ సైడ్ కలుపుతా, గ్రూప్స్ పిల్లలకి ఇదే చెప్తుంటా. ఎస్పీజీ చట్టం 1988లో వచ్చింది, అందులో 14వ సెక్షన్ ప్రకారం కేంద్రం, రాష్ట్రాలు, లోకల్ అధికారులు, విదేశాల్లో ఉన్న మన ఎంబసీలు, అందరూ ఎస్పీజీ డైరెక్టర్‌కి సహకరించాల్సిందే. అందుకే ఇక్కడ వాళ్ళు అడిగితే కాదనేవాడు ఉండడు. మన చట్టం వాషింగ్టన్ పోలీసుకో కొలంబో పోలీసుకో వర్తించదు కదా, అక్కడ మనోళ్ళు అడగటం వరకే. మగపెళ్ళివారు విడిదిలో ఎన్ని మర్యాదలైనా అడుగుతారు గానీ వంటశాలలోకెళ్ళి గరిట పట్టుకోలేరు, అంతే ఇది కూడా. మన గార్డుల చేతిలో ఏ ఆయుధం ఉండాలన్నా ఆ దేశం ఒప్పుకోవాలి. 1973 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం ఒకటుంది, విదేశీ దేశాధినేతలు, ప్రధానులు, విదేశాంగ మంత్రుల మీద దాడులు ఆపే బాధ్యత ఆతిథ్య దేశానిదే అంటది. అమెరికాలో అయితే వచ్చిన దేశాధినేతకి సీక్రెట్ సర్వీసే కాపలా.

కాబట్టి బుజ్జీ, నీ వైపే మొగ్గు. ముందు వెళ్ళే టీం చూసేది బాంబులు ఒక్కటే కాదు, అవతలివాళ్ళు దేనికి సరే అంటారు, దేనికి కుదరదు అంటారు, కుదరదు అన్నచోట ప్రోగ్రాం మార్చుకోవాలా, నా లెక్కలో అసలు అసెస్‌మెంట్ అదే.

ఇంకోటి, శత్రువు బయటినించే వస్తాడని లేదు. 1987 జులై 29న రాజీవ్ గాంధీ శ్రీలంక ఒప్పందం మీద సంతకం పెట్టారు, మర్నాడు కొలంబోలో గౌరవ వందనం తీసుకుంటూ నడుస్తుంటే వరసలో నిలబడ్డ శ్రీలంక నేవీ వాడొకడు రైఫిల్ తిప్పి దాని మడమతో కొట్టాడు. ఆయన చటుక్కున వంగబట్టి దెబ్బ తల మీద కాకుండా భుజం దగ్గర పడింది. ఆ నడిచే వరసలో మన గార్డు ఎంత దగ్గరగా ఉండాలి అనేది ప్రోటోకాల్, అక్కడే సందు దొరికింది వాడికి.

కృష్ణలంక_కిట్టు:
ఇవన్నీ బానే ఉన్నాయి గానీ 2025లో చైనా వెళ్ళినప్పుడు మన పీఎం పుతిన్ కారులో ఎక్కి కూర్చున్నారుగా, అప్పుడు ఏ ఏఎస్ఎల్ పెట్టారు సార్? లీడర్లకి మూడ్ వస్తే మీ లిస్టులన్నీ గాలికే. ఈ హడావుడంతా మాబోటి టూవీలర్ వాళ్ళని ఎండలో నిలబెట్టటానికే అని నా ఫీలింగు.

నరసరావుపేట_టు_డల్లాస్:
కిట్టూ బ్రో, కారు సంగతే తీశావు కాబట్టి ఒకటి చెప్తా విను. 1995 జూన్‌లో ఈజిప్ట్ ప్రెసిడెంట్ ముబారక్ ఆఫ్రికా దేశాల సమావేశానికి ఇథియోపియాలోని అడిస్ అబాబా వెళ్ళాడు, ఎయిర్‌పోర్ట్ నించి వెళ్తుంటే దారిలో అడ్డంగా బండి పెట్టి కాల్పులు మొదలెట్టారు. ఆయన ఎక్కింది కైరో నించి తెప్పించుకున్న బుల్లెట్‌ప్రూఫ్ బెంజ్, అందుకే బతికాడు, కారు వెనక్కి తిప్పించి నేరుగా ఎయిర్‌పోర్ట్, అక్కణ్ణించి నేరుగా ఇంటికి. మన కారు పట్టుకెళ్దామా వాళ్ళ కారు ఎక్కుదామా అనేది చిన్న విషయం కాదు మరి.

ఇంకా ఘోరం 1983 అక్టోబర్ 9, బర్మాలోని రంగూన్. సౌత్ కొరియా ప్రెసిడెంట్ అక్కడి అమరవీరుల స్మారకానికి పూలదండ వెయ్యటానికి బయల్దేరాడు, నార్త్ కొరియా ఏజెంట్లు ఆ కట్టడం పైకప్పులో ముందే బాంబులు పెట్టి ఉంచారు. ఆయన రావటం కొంచెం లేటయింది, ఈలోపు బ్యూగిల్ మోగేసరికి వచ్చేశాడనుకుని పేల్చారు, మంత్రులతో సహా 21 మంది చచ్చిపోయారు, ఆయన మాత్రం ఇంకా దారిలోనే ఉన్నాడు. పూలదండ ప్రోగ్రాం అంటే ప్లేసు, టైము ముందే అందరికీ తెలిసిపోయిద్ది, నన్నడిగితే మీటింగ్ హాలు కన్నా అదే డేంజర్.

బ్రాడీపేట_బుజ్జి:
థాంక్యూ అందరికీ, మావయ్యకి లింక్ పెట్టా, చదివి మాట్లాడట్లేదు 😀 మరి విమానం రూటు కూడా వీళ్ళే చూస్తారా? ఉక్రెయిన్‌కి రైల్లో వెళ్ళారు కదా, అది సెక్యూరిటీ కోసమేనా?

నరసరావుపేట_టు_డల్లాస్:
యుద్ధం మొదలైనప్పట్నించీ అక్కడ పౌర విమానాలకి ఆకాశం మూసేశారు బ్రో, ఎవరెళ్ళినా పోలాండ్ నించి రైలే. 2024 ఆగస్ట్‌లో మన పీఎం కూడా రాత్రంతా, పది గంటల దాకా ప్రయాణం చేసి కీవ్‌లో దిగారు. అంతకు ముందేడు బైడెన్ వెళ్ళినప్పుడైతే బయల్దేరే ముందు అమెరికా వాళ్ళు రష్యాకే చెప్పారు, పొరపాటున గొడవ పెరగకుండా. ఇక విమానం రూటంటే 2019లో పాకిస్తాన్ మన పీఎం విమానానికి దారి ఇవ్వనంది, చుట్టూ తిరిగి వెళ్ళారు. 2025 ఏప్రిల్ 22న జెడ్డాకి పాకిస్తాన్ మీదుగానే వెళ్ళారు, అదే రోజు పహల్గాం దాడి జరిగేసరికి తిరిగొచ్చేప్పుడు ఆ దారి వదిలేశారు. పొద్దున వేసిన లెక్క రాత్రికి పనికిరాలేదు చూడు.

మాజీ_ఖాకీ:
కిట్టు గారూ, ట్రయల్ రన్‌లో బండి ఆపితేనే తిడుతున్నారు, అసలు రోజు రూటు మార్చమని ఆఖరి నిమిషంలో వైర్‌లెస్ వస్తే మా పరిస్థితి ఏందో మీకు తెలియదు. ఈసారి వచ్చేప్పుడు బందర్ రోడ్డు వదిలేసి ఏలూరు రోడ్డున రండి.