టేకు బల్ల మీద రంజను మరకలు: గీకించకుండా పోగొట్టవచ్చునా?

ప్రశ్న (నల్గొండ)

అందరికీ నమస్కారం. మా తాతగారు చేయించిన టేకు బల్ల ఒకటి మా ఇంట్లో ఉంది. ఈ ఎండాకాలం దాని మీద ఇనుప స్టాండు పెట్టి, రెండు నెలల పాటు రంజను (చల్లని నీళ్ల కోసం వాడే మట్టికుండ) ఉంచాము. వానలు పడ్డాక తీసి చూస్తే స్టాండు కాళ్లు ఆనిన మూడు చోట్ల నల్లని మచ్చలు, వాటి పక్కన సున్నం పూసినట్లు గట్టిపడిన తెల్లని చార కనిపించాయి. ఇవి కాక వేడి టీ గ్లాసుల వల్ల ఏర్పడిన పాలరంగు గుండ్రాలు వేరుగా ఉన్నాయి. పళ్ల పేస్టుతో రుద్దితే గుండ్రాలు కొంత తగ్గాయి కానీ నల్ల మచ్చలు కదలలేదు. మన నీళ్లలోని ఫ్లోరైడే దీనికి కారణమని పక్కింటివారు అంటున్నారు. ఉప్పు కాగితంతో పైభాగమంతా గీకి కొత్త పాలిష్ వేయాలని వడ్రంగి గారు అంటున్నారు. తాతగారి చేతులు ఆనీ ఆనీ నునుపు తేలిన అంచులను గీకించడానికి నాకు మనసు రావడం లేదు. వేరే మార్గం ఉంటే దయచేసి చెప్పండి.

జవాబు 1 (మహబూబ్‌నగర్)

అమ్మా, నేను చాలా ఏళ్లుగా పాలిష్ పని చేస్తున్నాను. మీ బల్ల మీద ఉన్నవి మూడు రకాల మరకలు కాబట్టి మూడింటికీ ఒకే మందు పనిచేయదు. పాలరంగు గుండ్రాలు పాలిష్ పొరలో చిక్కుకున్న తేమ వల్ల వచ్చినవి, వాటి కింద కర్ర బాగానే ఉంటుంది. సున్నంలాంటి చార బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఆరి పేరుకున్నది, ఫ్లోరైడుతో దానికి సంబంధం లేదు. సగానికి సగం నీళ్లు కలిపిన వెనిగర్‌లో గుడ్డ తడిపి గట్టిగా పిండి తుడిచి, వెంటనే మంచినీటి గుడ్డతోనూ పొడి గుడ్డతోనూ తుడిస్తే అది పోతుంది.

నల్ల మచ్చల సంగతి వేరు. నీళ్లు పాలిష్ దాటి కర్రలోకి దిగినప్పుడు, టేకులోని టానిన్ అనే పదార్థం స్టాండు ఇనుముతో కలిసి సిరాలాంటి నల్లరంగు అవుతుంది. అది కర్రలోపల ఉంది కనుక పైపైన ఎంత రుద్దినా రాదు. దానికి ఆక్సాలిక్ ఆమ్లం వాడాలి. బల్ల మొత్తం గీకవలసిన పని లేదు.

జవాబు 2 (మిర్యాలగూడ)

తెల్ల గుండ్రాల గురించి నా అనుభవం చెబుతాను. పొడి నూలుగుడ్డను మడిచి మరక మీద పరచి, ఆవిరి లేకుండా అతి తక్కువ వేడిలో ఇస్త్రీపెట్టెను నాలుగైదు సెకన్లు ఆనించి తీసి చూస్తూ ఉంటే మూడు నాలుగు సార్లకు మా బల్ల మీది గుండ్రం మాయమైంది. తొందరపడి ఎక్కువసేపు ఉంచితే పాలిష్ కరిగి గుడ్డకు అంటుకుంటుంది. పళ్ల పేస్టు మాత్రం ఇక వాడకండి, అది పాలిష్‌ను సన్నగా గీకి మెరుపు పోగొడుతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆక్సాలిక్ ఆమ్లం వాడే పద్ధతి వివరంగా చెప్పగలరా?

జవాబు 1 (మహబూబ్‌నగర్)

ముందుగా బల్ల అడుగున స్పిరిట్ చుక్క వేసి చూడండి. జిగురుగా మారితే అది లక్కతో చేసిన పాత పాలిష్, కాబట్టి మచ్చ ఉన్నంత మేర స్పిరిట్ గుడ్డతోనే తీసేయవచ్చు. గాజు లేదా ప్లాస్టిక్ గిన్నెలో 100 మిల్లీలీటర్ల వేడి నీటికి 10 గ్రాముల ఆమ్లం పొడి కలిపి, ప్లాస్టిక్ పోగుల కుంచెతో మచ్చ మీద పూసి 15 నిమిషాలు ఉంచండి. ఇనుప గిన్నె, ఇనుప పీచు దగ్గరికి రానివ్వకండి. మరక తేలికైతే మంచినీటితో రెండు మూడు సార్లు తుడిచి, చివరగా కొద్దిగా వంటసోడా కలిపిన నీటితో తుడిచి, ఒక రోజంతా నీడలో ఆరనిచ్చిన తర్వాతే ఆ భాగానికి పాలిష్ అద్దండి. ఇది విషపదార్థం కనుక చేతులకు రబ్బరు తొడుగులు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. పిల్లలు తిరిగే చోట గిన్నె వదిలి వెళ్లకండి. బ్లీచింగ్ పొడితో ఎప్పుడూ కలపకండి.

ప్రశ్న అడిగినవారు

మీరు చెప్పినట్లే రెండు విడతలు పూసాను. రెండు మచ్చలు పూర్తిగా పోయాయి, మూడోది లేత నీడలా మిగిలింది. అంచుల జోలికి వెళ్లవలసిన అవసరం రాలేదు కనుక ఆ నీడను అలాగే ఉంచి, రేపు పాలిష్ అద్దుతాను. వచ్చే ఎండాకాలానికి రంజనుకు వేరే చోటు చూశాము.