పాత కెమికల్ ఫ్యాక్టరీ మట్టి తవ్వి మా స్కూల్ రోడ్డు మీదుగానే తోలుతున్నరు, ఎవర్ని అడగాలె?

చిన్నోడి అమ్మ:

అందరికీ నమస్తే. మాది హైదరాబాద్ శివార్లల ఒక ఇండస్ట్రియల్ ఏరియా పక్కన కాలనీ, పేరు ఇక్కడ రాయను. మా గల్లీ చివర ఎప్పుడో మూతపడ్డ కెమికల్ కంపెనీ ఒకటుంది, వానలు పడితే దాని గోడ కింది నుంచి ఎర్రటి నీళ్లు కారేవి, ఇక్కడ బోరు నీళ్లు ఎవ్వరం నోట్ల పోసుకోం. ఇప్పుడు ఆ స్థలం శుభ్రం చేస్తున్నరు, లోపల జేసీబీలు పెట్టి మట్టి తవ్వి టిప్పర్లకు ఎత్తుతున్నరు. మంచిదే, ఇన్నేండ్లు మేం మొత్తుకున్నదే దానికోసం.

కానీ ఆ టిప్పర్లు పొద్దున 8 కాంగనే మా స్కూల్ రోడ్డు మీదికి వస్తున్నయి. అది సింగిల్ రోడ్డు, ఫుట్‌పాత్ లేదు, అదే టైముకు ఆటోలు, స్కూల్ బస్సులు, సైకిళ్ల మీద పిల్లలు. మొన్న మా చిన్నోణ్ణి స్కూటీ మీద దింపనీకి పోతుంటే మా ముందు టిప్పర్ స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగింది, పట్టా ఒక పక్క తాడు ఊడి టపటపా కొట్టుకుంటున్నది, అరచేయంత మట్టిపెళ్ల జారి మా ముందటనే పడి పగిలింది. లోపల పసుపు రంగు, ఘాటు వాసన, ముక్కు మండింది. వాడు "అమ్మా, ఫినాయిల్ వాసన" అన్నడు. ఇంటికొచ్చినంక చూస్తే వాని తెల్ల సాక్సుల మీద కూడా ఆ పసుపు దుమ్మే.

గేటు కాడ సూపర్‌వైజర్‌ను అడిగితే "మామూలు మట్టేనమ్మా, ఏం కాదు" అన్నడు. మామూలు మట్టయితే లోపల పనిచేసేటోళ్లకు ఆ తెల్ల సూట్లు, మాస్కులు ఎందుకు? పని ఆపాలని మాత్రం నాకు లేదు, ఆపితే మళ్ల ఇరవై ఏండ్లు అట్లనే పడి ఉంటది. ఏం అడగాలె, ఎవర్ని అడగాలె, తెలిసినోళ్లు చెప్పండి ప్లీజ్.

ట్యాంకర్ తోలినోడు:

అక్కా, నేను పదకొండేండ్లు యాసిడ్ ట్యాంకర్ తోలిన, కాబట్టి బండి సంగతి చెప్తా. ప్రమాదకరమైన సరుకు మోసే బండికి రెండు పక్కలా, వెనకాల బోర్డు ఉండాలె, దాని మీద సరుకు పేరు, నంబర్, డైమండ్ ఆకారంల గుర్తు, ఎమర్జెన్సీ ఫోన్ నంబర్ ఉంటయి. డ్రైవర్ లైసెన్స్ మీద దానికోసం వేరే ఎంట్రీ ఉంటది, ట్రైనింగ్ తీసుకుంటేనే వేస్తరు. క్యాబిన్ల ట్రెమ్ కార్డ్ అని కాయితం ఉండాలె, సరుకు ఒలికితే ఏం చెయ్యాలె, ఒంటి మీద పడితే ఏం చెయ్యాలె అని దాంట్ల రాసి ఉంటది. ఇవన్నీ నీకు కనబడ్డయా? కనబడకపోతే ఫోటో తియ్యి, నంబర్ ప్లేట్ పడేటట్టు తియ్యి, కానీ బండికి అడ్డం పోకు, లోడు మీదున్న టిప్పర్‌కు బ్రేక్ కొట్టంగనే ఆగేంత వీలుండదు, ఎడమ పక్క కిందున్న పిల్లగాడు డ్రైవర్‌కు అసలే కనబడడు.

ఇంకోటి, చానామంది పట్టించుకోనిది, టైర్లు. పట్టా ఎంత గట్టిగ కట్టినా టైర్ల సందులల్ల ఇరుక్కున్న మట్టి రోడ్డు మీద ఊడిపడతనే ఉంటది, అది ఎండి దుమ్మైతది, వెనకొచ్చే ప్రతి బండీ దాన్ని లేపుతది. గేటు కాడ టైర్లు కడిగే తొట్టి ఉందా లేదా చూడు, ఆ కడిగిన నీళ్లు మోరీలకు వదులుతున్నరా పట్టి పెడుతున్నరా అది కూడా చూడు. డ్రైవర్ల మీద కోపం చెయ్యకు అక్కా, ట్రిప్పుకు ఇంత అని పైసలిస్తే వాడు ఉరుకుతనే ఉంటడు. ట్రిప్పు లెక్క తీసి రోజు కూలీ ఇయ్యమని కాంట్రాక్టర్‌ను అడగండి, స్పీడ్ అదే తగ్గుతది, నేను కండ్లార చూసిన.

కాకినాడ టు ఇండోర్:

అక్కా మాది కాకినాడండి, ఇప్పుడు ఇండోర్‌లో ఉంటున్నాం, నా ఉద్యోగం పీతంపూర్‌లో. భోపాల్ యూనియన్ కార్బైడ్ వ్యర్థాలు తెచ్చి కాల్చింది ఇక్కడే. 1984 డిసెంబర్‌లో గ్యాస్ లీకైన ఫ్యాక్టరీలో 40 ఏళ్లు పడున్న 337 టన్నుల చెత్తని 2024 డిసెంబర్‌లో హైకోర్టు నాలుగు వారాల్లో అక్కణ్ణించి తీసెయ్యమంటే అప్పుడు కదిలిందండి. రోడ్డు వరకూ చూస్తే బాగానే చేశారనే చెప్తాను. ఒళ్లంతా కప్పే సూట్లు వేసుకున్న మనుషులు అరగంట చొప్పున షిఫ్టుల్లో సంచులకెత్తారు, 12 కంటైనర్లు మూతలేసి సీల్ చేశారు, 2025 జనవరి 1 రాత్రి బయల్దేరదీసి దాదాపు 250 కిలోమీటర్లు గ్రీన్ కారిడార్ పెట్టి, అంటే ఆగకుండా పోయేలా దారి ఖాళీ చేయించి, ముందూ వెనకా పోలీసులు, అంబులెన్సులు, ఫైరింజన్లతో తెల్లారేలోపు పీతంపూర్ చేర్చేశారు. దారిలో ఎక్కడా ఏమీ ఒలకలేదు.

కానీ ఇక్కడి జనానికి ఎవరూ సరిగ్గా చెప్పలేదండి, అదే పెద్ద తప్పు. జనవరి 3న ఊరంతా బంద్, రోడ్ల మీద టైర్లు, లాఠీలు, ఇద్దరు మనుషులు ఒంటి మీద పోసుకుని అంటించుకున్నారు. ఆరోజు కంపెనీ బస్సు మమ్మల్ని ఊరి బయటే దింపేస్తే, మా ఆవిడ ఫోన్ మీద ఫోను. తర్వాత ప్రభుత్వమే కోర్టుకెళ్లి జనానికి నచ్చజెప్పడానికి టైం కావాలని అడిగితే ఆరు వారాలిచ్చారు. ఆ పైన పది టన్నుల చొప్పున మూడు ట్రయల్స్, గంటకు 135 కిలోలు, తర్వాత 180, ఆఖర్న 270, ప్రతిసారీ పొగలో ఏముందో కొలిచి చూసుకుని మిగతాది కాల్చారు, జూన్ నెలాఖరుకి అయిపోయింది. అంత జాగ్రత్తగా తెచ్చినా చెప్పకపోతే జనం నమ్మరు కదండీ, మీ దగ్గర జాగ్రత్తా లేదు, చెప్పడమూ లేదు. అందుకని మీరు అడగడం ముమ్మాటికీ న్యాయం.

రిటైర్డ్ ఇంజనీర్:

అమ్మా, మామూలు మట్టా కాదా అనేది సూపర్‌వైజర్ నోటి మాట కాదు, ల్యాబ్ రిపోర్ట్ చెప్పాలి. ముందు అది అడగండి. రిపోర్ట్‌లో అది ప్రమాదకర వ్యర్థమని తేలితే 2016 రూల్స్ ప్రకారం ప్రతి లోడుకీ మ్యానిఫెస్ట్ అనే పత్రం ఉండాలి, ఏడు కాపీలు, ఒక్కోటి ఒక్కో రంగు, పంపినవాళ్ల దగ్గర, బండివాళ్ల దగ్గర, చేరినచోట, కాలుష్య నియంత్రణ మండలికి, అలా. ఇక్కడ బయల్దేరిన బరువూ అక్కడ దిగిన బరువూ దానిలో తెలిసిపోతాయి. హైదరాబాద్ వైపు అలాంటి వ్యర్థాలు చేరాల్సింది దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల శుద్ధి కేంద్రానికి, ఏదో ఖాళీ స్థలానికో చెరువు గట్టుకో కాదు. మండలి ప్రాంతీయ కార్యాలయంలో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి, సమాధానం రాకపోతే ఆర్‌టీఐ వెయ్యండి. 2025 జులైలో కలుషిత స్థలాల మీద విడిగా రూల్స్ కూడా వచ్చాయి, అనుమానం ఉన్న స్థలాన్ని మండలి 90 రోజుల్లో ప్రాథమికంగా పరిశీలించాలి, శుభ్రం చేసే ఖర్చు పాడు చేసినవాళ్ల మీదే పడుతుంది. మీ దరఖాస్తులో ఆ మాట రాయండి.

స్కూల్ టైంలో బండ్లు ఆపించడానికి ట్రాఫిక్ పోలీసుల దగ్గరికి వెళ్లండి, దానికి ల్యాబ్ రిపోర్ట్ దాకా ఆగనక్కర్లేదు. హెడ్మాస్టర్ సంతకం ఉంటే త్వరగా కదులుతారు. బండి బోల్తా పడితేనో పెద్దగా ఒలికితేనో 112కి కొట్టి గాలి ఎటు నుంచి వీస్తుందో అటు వైపు జరగండి, చీపురుతో ఊడ్చొద్దు, నీళ్లు కొట్టొద్దు, నీళ్లు కొడితే అది మోరీలోకి పోతుంది. బాబు సాక్సులు, బూట్లు విడిగా పెట్టండి, ఇంట్లో బట్టలతో కలపొద్దు. వాడికి దగ్గో, కళ్ల మంటో ఉంటే డాక్టర్‌కి ఈ మట్టి సంగతి తప్పకుండా చెప్పండి.

చిన్నోడి అమ్మ:

అందరికీ చాలా థ్యాంక్స్, తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్న. బాబు బాగానే ఉన్నడు. పద్నాలుగు మంది తల్లులం కలిసి హెడ్మాస్టర్ సంతకంతో పోలీస్ స్టేషన్‌కు పోయినం, ట్యాంకర్ అన్న చెప్పినట్టు ఆరు బండ్ల ఫోటోలు చూపించినం, ఒక్కదానికీ బోర్డు లేదు. ట్రాఫిక్ ఎస్సై ఆరోజే కాంట్రాక్టర్‌ను పిలిచి రాత్రి 10 తర్వాతనే తియ్యమన్నడు. మండలి ఆఫీసుల దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకున్నం, మట్టి శాంపిల్ తీసుకపోయినమని ఫోన్ చేసి చెప్పిన్రు, రిపోర్ట్ ఇంకా చేతికి రాలే.

నిన్న రాత్రి మేడ మీద నిలబడి చూసిన. మొదటి బండి పదింబావుకు పోయింది, పట్టా నాలుగు పక్కలా కట్టి ఉంది, టైర్లు తడిగున్నయి, స్పీడ్ బ్రేకర్ కాడ మెల్లగనే దిగింది. మూడో బండికి మాత్రం బోర్డు లేదు, నంబర్ రాసుకున్న. సోమవారం రిపోర్ట్ కోసం పోతున్నం, ఆ నంబర్ కూడా పట్టుకపోతున్న.