రంగం పోయినవాళ్లు, కాందిశీకులై వచ్చినవాళ్లు

పలాస తమ్ముడు:
గ్రూపులో పెద్దలందరికీ నమస్కారం. ఒక మాట గురించి అడగాలి. మా మామ్మ మా పెద్ద తాత సంగతి వచ్చినప్పుడల్లా "ఆడు రంగం ఎల్లిపోనాడు" అంటుంది. యుద్ధరంగమా మామ్మా అంటే, కాదురా, బియ్యం మిల్లు అంటుంది. నిఘంటువు తీస్తే రంగస్థలం, యుద్ధభూమి, రంగు ఇలాంటివే కనబడుతున్నాయి. ఇది ఏ రంగం? మన జిల్లాల్లో ఇంకెక్కడైనా ఈ మాట విన్నారా?

ఆమదాలవలస మేష్టారు:
మీ మామ్మ చెప్పిందే రైటు తమ్ముడూ. రంగం అంటే రంగూన్. రంగూన్ ఒక్కటే కాదు, బర్మా దేశం మొత్తానికీ మనవాళ్లు వాడిన పేరది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఎనభై దాటినవాళ్లను ఎవరిని కదిపినా ఈ మాట దొరుకుతుంది. బర్మావాళ్లు ఆ ఊరిని యాంగోన్ అంటారు. 1755లో అలౌంగ్‌పాయా అనే రాజు ఆ ఊరిని గెలిచి పెట్టిన పేరు. దానికి 'పోరు ముగిసింది' అని అర్థం చెబుతారు. ఇంగ్లీషువాళ్ల నోట రంగూన్ అయింది, మన నోట రంగం అయింది.

ఈ మాట వెనక ఉన్న చట్టాల సంగతి కూడా చెప్పాలి. అది లేకపోతే ఈ మాట ఎందుకు పుట్టిందో, ఎందుకు చచ్చిపోయిందో తెలియదు.

1937 ఏప్రిల్ 1 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. మద్రాసు వెళ్లడానికి ఎంత పర్మిషన్ కావాలో రంగూన్ వెళ్లడానికీ అంతే కావాలి, అంటే ఏమీ అక్కర్లేదు. కళింగపట్నంలోనో భీమునిపట్నంలోనో విశాఖలోనో స్టీమరెక్కితే బంగాళాఖాతం అవతల దిగడమే. ఐరావతి డెల్టాలో అడవులు కొట్టి వరి వేశారు. సూయజ్ కాలువ 1869లో తెరుచుకున్నాక ఆ బియ్యానికి యూరప్ దాకా గిరాకీ వచ్చింది. రెండో ప్రపంచయుద్ధానికి ముందు బర్మా ఏటా దాదాపు 30 లక్షల టన్నుల బియ్యం ఎగుమతి చేసేది. ప్రపంచంలో అదే మొదటి స్థానం. ఆ బస్తాలు మోయడానికి, మిల్లుల్లో నిప్పు దగ్గర నిలబడడానికి, రేవులో సరుకు దించడానికి, రిక్షా లాగడానికి మనుషులు కావాలి. మన పక్క వాన మీద ఆధారపడిన మెట్ట భూములు, అప్పులు, కరువులు. అక్కడ కూలి దొరుకుతుందని మనవాళ్లు వెళ్లారు.

1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో పది లక్షలకు పైగా భారతీయులున్నారు. రంగూన్ జనాభా సుమారు నాలుగు లక్షలైతే అందులో సగానికి మించి మనవాళ్లే. తెలుగువాళ్లే లక్ష దాటారు. అక్కడ మనకు 'కోరంగీలు' అని పేరు, కాకినాడ దగ్గరి కోరంగి రేవును బట్టి. మలయాలో అయితే 'క్లింగ్' అనేవారు, అది కళింగ. మన కళింగపట్నంలో ఉన్న ఆ పేరే అంత దూరం వెళ్లింది.

వెళ్లిన తీరు కూడా చెప్పాలి. ఊళ్లోకి మేస్త్రీ వచ్చేవాడు. ఇంటికి అడ్వాన్సు ఇచ్చి, ఓడ టిక్కెట్టు కొని, ఇరవై ముప్పై మందిని జట్టుగా తీసుకెళ్లేవాడు. రంగూన్‌లో కంపెనీ కూలి డబ్బు కూలివాడి చేతికి ఇవ్వదు, మేస్త్రీ చేతికి ఇస్తుంది. అతను అడ్వాన్సు పట్టుకుని, టిక్కెట్టు పట్టుకుని, తిండి ఖర్చు పట్టుకుని, తన వాటా పట్టుకుని మిగిలింది ఇచ్చేవాడు. ఒకే గదిలో షిఫ్టుల వారీగా పడుకునేవారు. ఈ పద్ధతిని సరిచేయమని ఎన్ని విన్నపాలు వెళ్లినా బ్రిటిష్ సర్కారుకు చవగ్గా చేతులు దొరికితే చాలు. ఆ చేతులున్న మనుషులు ఏ దేశంవాళ్లు, రేపు ఎక్కడుంటారు అన్న ప్రశ్నే వాళ్లకు పట్టలేదు. తర్వాత జరిగిన అనర్థాలన్నిటికీ విత్తనం అక్కడ పడిందని నా గట్టి నమ్మకం.

చీపురుపల్లి మాస్టారు:
బాగా చెప్పారు మేష్టారూ. కానీ అవతలి ఒడ్డున ఉన్నవాడి మాట కూడా ఈ చర్చలో ఉండాలి. 1930 మాంద్యంలో ధాన్యం ధర పడిపోయింది. బర్మా రైతు అప్పు తీర్చలేక పొలం పోగొట్టుకున్నాడు. 1938 నాటికి దిగువ బర్మా వరి జిల్లాల్లో నాలుగో వంతు భూమి తమిళ వడ్డీ వ్యాపారులైన చెట్టియార్ల చేతికి వెళ్లిపోయింది. అదే 1930 మే నెలలో రంగూన్ రేవులో మన తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు బర్మావాళ్లను పనిలో పెట్టుకున్నాయి, తీరా మనవాళ్లతో రాజీ కుదిరాక వాళ్లను పొమ్మన్నాయి. గొడవ మొదలై వంద మందికి పైగా చనిపోయారు, ఎక్కువ మంది మనవాళ్లే. ఇందులో కంపెనీ నష్టపోలేదు. ఇద్దరు పేదవాళ్లు కొట్టుకున్నారు. బర్మావాళ్ల కడుపుమంటకు కారణం లేదని మాత్రం అనకండి.

ఆమదాలవలస మేష్టారు:
అనను మాస్టారూ. వాళ్ల కష్టం నిజం. ఆ కష్టానికి వాళ్ల పాలకులు ఎంచుకున్న మందు గురించే నా బాధ.

1948 జనవరి 4న బర్మాకు స్వాతంత్ర్యం వచ్చింది. కొత్త రాజ్యాంగం తలుపులు మూసేయలేదు. అంతకు ముందు పదేళ్లలో ఎనిమిదేళ్లు ఆ దేశంలో ఉన్నవాళ్లు, అక్కడే స్థిరపడే ఉద్దేశం ఉంటే, పౌరసత్వం కోరుకోవచ్చు. కాగితం మీద చూస్తే ఇది మంచి రూలే. కానీ అర్జీ పెట్టాలి, రుజువులు చూపాలి. సంతకం రాని రేవు కూలీకి ఎనిమిదేళ్ల నివాసానికి కాగితం ఎక్కడిది? యుద్ధంలో ఊళ్లు తగలబడ్డాయి. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డప్పుడు లక్షల మంది కొండలూ అడవులూ దాటి కాలినడకన ఇండియా వచ్చారు, వేల మంది దారిలోనే పోయారు. బతికి తిరిగి బర్మా వెళ్లినవాడి దగ్గర పెట్టెలో కాగితాలుంటాయా? ఇంకొందరు నేడో రేపో ఊరెళ్లిపోతాం కదా అని అర్జీ పెట్టలేదు. అలా ఏళ్లు గడిచాయి. పౌరులు కాకుండానే దుకాణాలు పెట్టారు, పిల్లల్ని కన్నారు, బర్మా భాషలో బేరాలాడారు.

1962 మార్చి 2న జనరల్ నె విన్ అధికారం తీసుకున్నాడు. 1963లో పరిశ్రమల జాతీయీకరణ చట్టం, 1964లో దుకాణాలు. షాపు మీద యజమాని పేరున్న బోర్డు తీసేసి 'ప్రజా దుకాణం నంబరు ఫలానా' అని పెట్టారు. అదే ఏడాది మే 17న 50, 100 చ్యాట్ల (బర్మా డబ్బు) నోట్లు చెల్లవన్నారు. షాపూ పోయింది, దాచుకున్నదీ పోయింది. సుమారు మూడు లక్షల మంది భారతీయులు ఆ దశాబ్దంలో తిరిగొచ్చేశారు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. ఆ షాపులో సరుకు సర్కారు చేతికి వచ్చింది. కానీ ఏ పల్లెలో ఏ రైతు ధాన్యం బాగుంటుంది, ఎవరికి పంట మీద అప్పివ్వొచ్చు, ఏ మిల్లు వాడు తూకంలో నిక్కచ్చి, వానలకు ముందు ఏ సరుకు తెప్పించాలి, ఇవి జాబితాలో రాసి జప్తు చేసేవి కావు. అవి తెలిసినవాడు ఓడెక్కేశాడు. ఉన్న సరుకు అయిపోయాక ఆ నంబరు షాపులకు మళ్లీ సరుకు తెచ్చే దారి లేకపోయింది. ధాన్యం సర్కారే తక్కువ ధరకు కొని బయట ఎక్కువకు అమ్ముకుంది. గిట్టుబాటు లేని రైతు మిగులు పండించడం మానేశాడు. ఏటా 30 లక్షల టన్నులు పంపిన దేశం 1960ల చివరికి పది లక్షల టన్నుల లోపుకు పడిపోయింది. 1985లో మళ్లీ నోట్లు రద్దు, 1987 సెప్టెంబరులో ఇంకోసారి రద్దు. ఈసారికి మనవాళ్లలో చాలామంది వచ్చేశారు, బర్మా రైతు, బర్మా విద్యార్థి దాచుకున్న డబ్బే కాలిపోయింది. ఆ డిసెంబరులో ఐక్యరాజ్యసమితి బర్మాను అత్యంత వెనకబడిన దేశాల జాబితాలో చేర్చింది. పరాయివాడి ఆస్తికి చట్టం కాపలా లేకుండా చేస్తే, ఆ తర్వాత సొంతవాడి ఆస్తికీ కాపలా ఉండదు.

పౌరసత్వం రూలు మాత్రం ఇంకా బిగించారు. 1982 చట్టం పౌరుల్ని మూడు రకాలు చేసింది, మూడు రంగుల కార్డులిచ్చింది. పుట్టుకతోనే పూర్తి పౌరుడు కావాలంటే అతని జాతి 1823కు ముందే ఆ నేల మీద ఉండాలి. ఎందుకు 1823 అంటే, 1824లో ఇంగ్లీషువాళ్లతో మొదటి యుద్ధం మొదలైంది కాబట్టి. నేను ఆ లెక్క మన జిల్లాకు పెట్టి చూస్తాను అప్పుడప్పుడు. మా ఊరి పేరులోనే వలస ఉంది. మన రెండు జిల్లాల్లో వలసతో ముగిసే ఊళ్లు ఎన్ని లేవు! ఎవరో ఎక్కడి నుంచో వచ్చి చెరువు తవ్వుకుని, ఇళ్లు కట్టుకుని నిలిచిన ఊళ్లవి. వాళ్లను తేదీ అడిగి ఉంటే ఈ పొలాలే లేవు.

రాజాం అప్ప:
మేష్టారూ, కళ్లు చెమర్చాయి. మా అమ్మమ్మ వాళ్లు అలా వచ్చినవాళ్లే. ఓడెక్కేముందు ఒంటి మీద బంగారం తీయించేశారట. మంగళసూత్రం పసుపుకొమ్ముకు మార్చుకుని దిగానని చెప్పేది. నాకో సందేహం ఎప్పటి నుంచో ఉంది. వాళ్లను అందరూ "బర్మా కాందిశీకులు" అనేవారు. ఆ మాటంటే అమ్మమ్మకు కోపం. "నా ఊరికి నేనొస్తే కాందిశీకురాలినెలా అవుతానే?" అనేది. ఆ మాట ఎక్కడిది? ఆవిడ కోపం సబబేనా?

ఆమదాలవలస మేష్టారు:
నూటికి నూరుపాళ్లూ సబబే అమ్మా. కాందిశీకుడు సంస్కృతం మాట. 'కాం దిశమ్', అంటే 'ఏ దిక్కుకు?' అని అర్థం. ఏ దిక్కుకు పోను అంటూ భయంతో పరుగెత్తేవాడు కాందిశీకుడు. మాట చాలా గొప్పది, ఆ మనిషి నోట్లోంచి వచ్చిన ప్రశ్నే అతనికి పేరైంది. 1942లో అడవుల్లో నడిచొచ్చినవాళ్లకు అది అచ్చంగా సరిపోతుంది.

మీ అమ్మమ్మగారి సంగతి వేరు. మన రాజ్యాంగం 8వ అధికరణం ప్రకారం, విదేశంలో ఉన్న భారత సంతతివాళ్లు అక్కడి మన రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేయించుకుంటే భారత పౌరులే. అలా నమోదైనవాళ్లకు ఏ దిక్కుకు పోవాలో తెలుసు. సర్కారు కాగితాల్లో శరణార్థి వేరు, స్వదేశానికి తిరిగొచ్చినవాడు వేరు. శరణార్థికి ఇచ్చేది దయ. తిరిగొచ్చిన పౌరుడికి ఇచ్చేది హక్కు. అందుకే వాళ్లకు ఇళ్ల స్థలాలు, వ్యాపారానికి అప్పులు, ఉద్యోగాల్లో కొంత వెసులుబాటు వచ్చాయి. బర్మా, శ్రీలంకల నుంచి వచ్చినవాళ్ల కోసమే 1969లో మద్రాసులో రెప్కో బ్యాంకు పెట్టారు, ఇప్పటికీ నడుస్తోంది. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు పేరు వినే ఉంటారు. 1965, 66 సంవత్సరాల్లో ఇక్కడ వానల్లేవు, అమెరికా గోధుమల మీద బతుకుతున్నాం. ఆ రోజుల్లో కూడా మీరు మావాళ్లే అని ఆ ఓడల్ని రానిచ్చిన దేశం మనది. దానికి నేను గర్వపడతాను. ఆ సాయం అందరికీ సరిగ్గా అందలేదన్నదీ నిజమే, పట్టాల కోసం ఏళ్లూ పూళ్లూ తిరిగినవాళ్లున్నారు.

పలాస తమ్ముడు:
ఇంత ఉందనుకోలేదండీ. మా పెద్ద తాత మళ్లీ రాలేదు, అక్కడే ఉండిపోయాడట. ఇప్పుడు మా వైపు కుర్రాళ్లంతా "దుబాయి పోతాం" అంటారు. ఏ గల్ఫ్ దేశం వెళ్లినా దుబాయే. అదీ రంగం లాంటిదేనా?

ఆమదాలవలస మేష్టారు:
మాట పుట్టిన తీరు అదే, ఊరి పేరు దేశమంతటికీ అయింది. రూల్స్ వేరు. గల్ఫ్‌లో నువ్వు పౌరుడివి కాలేవని ముందే చెబుతారు, కాంట్రాక్టు అయ్యాక వచ్చేయాలి. సంపాదించింది ఇంటికి పంపుకోనిస్తారు. ఎమిరేట్స్ వాళ్లు 2019 నుంచి కొందరికి గోల్డెన్ వీసా ఇస్తున్నారు, డబ్బూ నైపుణ్యం ఉన్నవాళ్లు తమ దగ్గరే ఉండాలని. వెల్డింగుకు వెళ్లే మన సోంపేట, కవిటి కుర్రాడికి అది అందదు. పదో తరగతి పాసవని వాడి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (వలస వెళ్లడానికి క్లియరెన్స్ కావాలి) అని పడుతుంది, గల్ఫ్ దేశాలకు వెళ్లాలంటే వలసల రక్షణాధికారి దగ్గర క్లియరెన్స్ తీసుకోవాలి. అది టెన్షనే, పని ఆలస్యమే, అయినా తప్పించుకోవద్దని మీ ఊరి పిల్లలకు చెప్పు. విజిటింగ్ వీసా మీద పంపిస్తానన్న ఏజెంటు ఆనాటి మేస్త్రీ కన్నా ప్రమాదం. కనీసం ఆ మేస్త్రీ ఓడలో పక్కనే ఉండేవాడు.

మీ పెద్ద తాతగారి వైపు వాళ్లు ఇంకా అక్కడుంటే, వాళ్ల కార్డు రంగు ఏమిటో కనుక్కో. మోన్ రాష్ట్రం వైపు తెలుగు కుటుంబాలు నేటికీ ఉన్నాయి.

చీపురుపల్లి మాస్టారు:
మన మాండలిక పదాల జాబితాలో ఈ మాట లేదు, ఇవాళే ఎక్కిద్దాం. ఆరోపం (జాబితాలో ఎక్కించే మాట) 'రంగం పోవు' అని రాయాలా, 'రంగం ఎల్లు' అనా?

ఆమదాలవలస మేష్టారు:
రెండూ రాయండి మాస్టారూ, శ్రీకాకుళం వైపు ఎల్లడమే ఎక్కువ వింటాం. అర్థం దగ్గర 'రంగూన్‌కు వెళ్లు' అని ఆపేయకుండా 'కూలికి లేదా వ్యాపారానికి బర్మా వెళ్లు' అని పెట్టండి. కింద కాందిశీకుడు చూడు అని మాత్రం ఇవ్వకండి, రాజాం అప్ప వాళ్ల అమ్మమ్మగారు ఒప్పుకోరు. పలాస తమ్ముడూ, మీ మామ్మ మాట ఫోన్‌లో రికార్డు చేసి గ్రూపులో పెట్టు, ఉదాహరణ వాక్యంగా ఆవిడదే వేద్దాం.