నికోటిన్ పౌచ్ డబ్బాపై 9, 16 అని ఉంటే ఏది ఎక్కువ ఘాటు?

చలిదేశపు బాటసారి (ప్రశ్న)

అమెరికాలో ఉన్నప్పుడు సిగరెట్లు మానేసి జిన్ అనే బ్రాండు పౌచ్‌లకు (పెదవి కింద పెట్టుకునే చిన్న నికోటిన్ పొట్లాలు) మారాను. అక్కడ డబ్బాపై 3 లేదా 6 మిల్లీగ్రాములు అని మాత్రమే ఉండేది. నేను 6 వాడేవాణ్ణి. ఉద్యోగరీత్యా స్టాక్‌హోమ్ వచ్చాక చూస్తే, ఒక డబ్బాపై గ్రాముకు 9 మిల్లీగ్రాములనీ, చిన్న పౌచ్‌లున్న మరో డబ్బాపై గ్రాముకు 16 అనీ ఉంది. రెండోది నాకు అలవాటైన దానికి దాదాపు మూడింతలేమోనని భయపడి మొదటిదే కొన్నాను. నా లెక్క సరైనదేనా? డబ్బాపై ఆ అంకె పక్కనుండే చుక్కల సంగతేమిటి?

లెక్కల పంతులు

బాటసారి గారూ, మీ భయానికి కారణం ఆ రెండు దేశాల్లో అంకె దేనికి వర్తిస్తుందన్నది వేరు కావడమే. అమెరికాలో మీరు చూసింది ఒక్కో పౌచ్‌లోని నికోటిన్. ఇప్పుడు చూస్తున్నది ఒక గ్రాము పదార్థంలోనిది, పౌచ్ బరువేమో గ్రాము ఉండదు. డబ్బాపై నికర బరువును పౌచ్‌ల సంఖ్యతో భాగించండి. 14 గ్రాములు, 20 పౌచ్‌లు అయితే ఒక్కోటి 0.7 గ్రాములు, దాన్ని 9తో గుణిస్తే 6.3 మిల్లీగ్రాములు వస్తుంది. చిన్న పౌచ్‌ల డబ్బా 8 గ్రాములదై, అందులోనూ 20 ఉంటే ఒక్కోటి 0.4 గ్రాములు, 16తో గుణిస్తే 6.4. అంటే మిమ్మల్ని బెదరగొట్టిన 16కూ, మీరు కొన్న 9కీ తేడా లేనట్టే.

చుక్కలు, ‘స్టార్క్’ (బలమైనది) వంటి మాటలు ఒకే కంపెనీ సరుకులో ఏది ఎక్కువో తెలుసుకోవడానికి మాత్రమే పనికొస్తాయి. ఒక కంపెనీ మూడు చుక్కలు మరో కంపెనీ మూడు చుక్కలకు సమానం కానక్కర లేదు.

మందుల కొట్టు

పంతులు గారి లెక్క సరైనదే గానీ, ఆ 6.4 అంతా ఒంట్లోకి చేరుతుందని అనుకోకూడదు. పౌచ్‌లోని నికోటిన్ పై పెదవి కింద చిగుళ్ల దగ్గరి చర్మం గుండా రక్తంలోకి వెళుతుంది. ఎంత వెళుతుందన్నది ఎంతసేపు ఉంచారు, లోపలి పదార్థం తడిగా ఉందా పొడిగా ఉందా, క్షారగుణం ఎంత అన్నవాటిని బట్టి మారుతుంది. మన వైపు ఖైనీలో సున్నం కలిపి నలపడం ఎందుకో గుర్తు తెచ్చుకోండి: క్షారం పెరిగితే నికోటిన్ త్వరగా లోపలికి దిగుతుంది. పౌచ్‌లలో ఆ పని సోడియం కార్బొనేట్ వంటివి చేస్తాయి, కానీ వాటి ప్రభావం ఎంతో లేబుల్ మీది మిల్లీగ్రాములు చెప్పవు. అందుకే ఒకే అంకె ఉన్న రెండు బ్రాండ్లలో ఒకటి తల తిప్పి, ఎక్కిళ్లు తెప్పించవచ్చు.

సిగరెట్టుతోనూ పోల్చకండి. ఒక సిగరెట్టు పొగాకులో సుమారు 10 మిల్లీగ్రాములు ఉన్నా, కాల్చేవారి ఒంట్లోకి చేరేది 1, 2 మిల్లీగ్రాములే. అసలు మానేయాలన్నదే మీ ఉద్దేశమైతే, మందుగా అమ్మే 2, 4 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ గురించి డాక్టరుతో మాట్లాడటం మంచిది. అమెరికాలో ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2025 జనవరిలో 20 రకాల జిన్ పౌచ్‌ల అమ్మకానికి అనుమతి ఇచ్చింది గానీ, అవి సురక్షితమని చెప్పలేదు.

చలిదేశపు బాటసారి

ఇద్దరికీ ధన్యవాదాలు. దుకాణానికి వెళ్లి చూశాను: చిన్న డబ్బాపై నిజంగానే 8 గ్రాములు, 20 పౌచ్‌లు అని ఉంది. ఇంట్లో రెండేళ్ల పాప ఉంది. వాడేసిన పౌచ్‌లను మామూలు చెత్తబుట్టలో వేయవచ్చా?

మందుల కొట్టు

పాపకు అందే బుట్టలో మాత్రం వేయకండి. నోట్లోంచి తీసేటప్పటికి కొంత నికోటిన్ పౌచ్‌లోనే మిగిలి ఉంటుంది. పెద్దవాళ్లకు లెక్కలోకి రాని ఆ కొంతే పసిపిల్లకు ప్రమాదం. చాలా డబ్బాల మూతలో వాడినవి వేయడానికి చిన్న అర ఉంటుంది. అందులో వేసి, మూత బిగించి, డబ్బాను పాప చేతికి అందని చోట పెట్టండి.