1905 హాఫ్ క్రౌన్‌కి 650 పౌండ్లు న్యాయమైన ధరేనా?

రాజముద్ర
బ్రిటన్ రాజు ఏడో ఎడ్వర్డ్ వెండి హాఫ్ క్రౌన్ (రెండున్నర షిల్లింగుల పాత నాణెం), 1905. లండన్ డీలర్ ఒకరు అరుగుదల గ్రేడు "గుడ్ ఫైన్" అని రాసి 650 పౌండ్లు అడుగుతున్నారు. స్లాబ్ (గ్రేడింగ్ సంస్థ పరీక్షించి సీలు వేసే ప్లాస్టిక్ పెట్టె) లేదు. క్యాటలాగ్ ధరలో నాలుగో వంతు తగ్గించి ఇస్తున్నామని, 14 రోజుల్లో వాపసు ఉందని చెప్తున్నారు. ఆ ఏడాది ముద్రించినవి 1,66,008 మాత్రమే. క్యాటలాగ్‌ని నమ్మాలా, వేలం ధరల్ని నమ్మాలా? కారణాలతో చెప్పండి.

వెండిగీత
కొనొచ్చు. ఆ 1,66,008 కూడా ఇప్పుడు లేవు. 1920లో బ్రిటన్ నాణేల్లో వెండిని 92.5 శాతం నుంచి 50 శాతానికి దించింది. ఆ తర్వాత పాత మంచి వెండి నాణేలు బ్యాంకుల దగ్గరికి వచ్చినవి వచ్చినట్టు కరిగాయి. 1947లో వెండి పూర్తిగా ఆగిపోయి కుప్రోనికెల్ (రాగి, నికెల్ మిశ్రమం) వచ్చాక మిగిలినవీ వెనక్కి లాగేశారు. పైగా ఎడ్వర్డ్ తల ముద్రలో ఎత్తు తక్కువ, చేతులు మారితే త్వరగా చదునైపోతుంది. అందుకే ఈ నాణెం అరిగిన స్థితిలో దొరకడమే కష్టం, ఫైన్ గ్రేడు దాటితే మరీ కష్టం. 1902 నుంచి 1910 దాకా హాఫ్ క్రౌన్ల వరుస పూర్తి చేసేవాళ్ళందరూ ఆగిపోయేది ఈ ఏడాది దగ్గరే. గిరాకీ తగ్గే నాణెం కాదు.

సుత్తిదెబ్బ
వెండిగీత గారూ, గిరాకీ మాట ఒప్పుకుంటాను. ముద్రణ సంఖ్య నుంచి ధరకి దారి వేయడం మాత్రం తప్పు. 1951 పెన్నీ ముద్రించింది 1,20,000, అంటే మన హాఫ్ క్రౌన్ కన్నా తక్కువ. అయినా ధర దీని దరిదాపుల్లో ఉండదు. చాలాభాగం బెర్ముడాకి వెళ్ళింది, సేకర్తలు తెలిసి దాచుకున్నారు, మెరుపు పోనివే బోలెడు మిగిలాయి. అదే 1917 లండన్ సావరిన్ (బంగారు నాణెం) ముద్రించింది 10,14,714. చాలావరకు దేశం దాటి కరిగిపోయింది కాబట్టి అది అరుదు. 1847 గోథిక్ క్రౌన్ (ఐదు షిల్లింగుల వెండి నాణెం) 8,000 ముద్రిస్తే జనం ఖర్చు పెట్టకుండా జ్ఞాపకంగా దాచుకున్నారు. అక్కడ ధరని నడిపేది అరుదుదనం కన్నా విలియం వయన్ చెక్కిన బొమ్మ అందం. ఎన్ని ముద్రించారని కాదు, ఈ స్థితిలో ఎన్ని మిగిలాయి, ఎందరు కావాలంటున్నారు అని అడగాలి.

ఇక క్యాటలాగ్. అందులో వేసేది డీలర్ షాపులో అమ్మే ధర, అదీ ఆ గ్రేడుకి నికార్సుగా సరిపోయే, తోమని, దెబ్బలేని నాణేనికి. దానిమీద నాలుగో వంతు తగ్గింపు అంటే ఉదారం కాదు, చాలాచోట్ల మామూలు సంగతి.

లెక్క ఇలా వేయండి. ఇలాంటి నాణేనికి వేలంలో సుత్తి, అంటే ఆఖరి పాట, 420 దగ్గర పడిందనుకుందాం. కొనుగోలుదారు వేలం సంస్థకి అదనంగా ఇచ్చే ప్రీమియం 24 శాతం, ఆ ప్రీమియం మీద వ్యాట్ 20 శాతం. మొత్తం 28.8 శాతం, అంటే చేతికొచ్చేసరికి 541 పౌండ్లు. రేపు మీరే అదే వేలంలో అమ్మితే 15 శాతం కమిషన్, దానిమీద వ్యాట్ పోయి మీకు మిగిలేది 344. ఇవాళ 650 పెడితే ఈ గుంట పూడాలంటే సుత్తి ధర దాదాపు 793కి చేరాలి. వేలం సంస్థని బట్టి శాతాలు మారతాయి, పద్ధతి మారదు.

కాసులపేరు
ధర తర్వాత. ముందు అది అసలుదో కాదో తేలాలి. 1905 హాఫ్ క్రౌన్‌కి దొంగ నాణేలు బాగా తిరుగుతున్నాయి.

అసలు బరువు 14.14 గ్రాములు, వ్యాసం 32.3 మిల్లీమీటర్లు. గుడ్ ఫైన్ దాకా అరిగిన నాణెం ఆ బరువు ఉండకూడదు, అరిగిన వెండి ఎక్కడికో పోయి ఉండాలి కదా. 13.6 నుంచి 13.9 మధ్య ఉంటే నమ్మొచ్చు. అరిగినట్టు కనిపిస్తూ 14.2 తూగితే అనుమానించండి. తర్వాత నీటి పరీక్ష. 0.01 గ్రాము చూపే త్రాసు మీద నీళ్ళ గ్లాసు పెట్టి సున్నా చేసి, సన్నని దారంతో నాణేన్ని అడుగుకీ గోడలకీ తగలకుండా నీటిలో వేలాడదీయాలి. త్రాసు చూపే అంకెతో నాణెం బరువుని భాగిస్తే సాంద్రత వస్తుంది. స్టెర్లింగ్ (92.5 శాతం) వెండికి 10.3, 10.4 మధ్య రావాలి. 13.8 గ్రాముల నాణేనికి త్రాసు 1.33 దగ్గర ఆగాలి. 1.5 దాటితే అది వెండి కాదు. బుడగ ఒక్కటి అంటుకున్నా లెక్క తప్పుతుంది, అందుకే మూడుసార్లు చేయండి.

వెండే అని తేలినా సరిపోదు. వేరే ఏడాది నాణెం మీద ఆఖరి అంకెని 5గా మార్చేవాళ్ళున్నారు. పది రెట్ల లెన్సుతో 5 చుట్టూ నేలని (బొమ్మ, అక్షరం లేని ఖాళీ భాగాన్ని) చూడండి. గీకిన జాడ, పక్క అంకెలకి లేని రంగు, అంకె మొదట్లో సన్నని గీత కనిపిస్తే వదిలేయండి. పోత నాణెమైతే అక్షరాల అంచులు మొద్దుబారి, నేలమీద సూదిమొన చిల్లులు ఉంటాయి, అంచు గాడుల్లో ఒకచోట అతుకు కనిపిస్తుంది. అందుకే అంచు ఫొటో పంపని అమ్మకందారుతో బేరం వద్దు.

ఇవే కళ్ళతో సావరిన్లూ చూడాలి. 1917 సిడ్నీ, పెర్త్ టంకశాలల గుర్తు అక్షరం గీకేసి లండన్‌దని అమ్ముతారు. దానిలో బంగారం సరైనదే కాబట్టి బరువు పరీక్ష పట్టుకోలేదు. మన ఇళ్ళలో కనిపించే 1918 బొంబాయి సావరిన్, తేదీ పైన, బొమ్మ కింది నేలమీద చిన్న "ఐ" ఉండేది, 12,95,372 ముద్రించారు. కాసులపేరులోంచి తీసినవి అందులో చాలా ఉంటాయి. పై అంచున టంకం అతికిన గుర్తు ఉంటే బంగారం ధర మీద పెద్దగా పెట్టక్కర్లేదు.

వెండిగీత
పరీక్షల సంగతి నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటాను. కానీ సుత్తిదెబ్బ గారి లెక్కలో ఒక లోపం ఉంది. వేలంలో 541కి వచ్చే నాణేనికి వాపసు హామీ దాదాపు ఉండదు. ఫొటో చూసి పాడతాం, తోమిన నాణెం వచ్చినా మింగాలి. పేరున్న డీలర్ తన రసీదు మీద అసలుదని రాసిస్తే దానికి పదో వంతు ఎక్కువ పెట్టడం నష్టం కాదు.

బర్మింగ్‌హామ్ తెలుగు
రెండు మాటలు.

ఒకటి, గ్రేడు పేరు. బ్రిటిష్ వాడుకలో "గుడ్ ఫైన్" అంటే ఫైన్ కన్నా కాస్త మెరుగు. అమెరికన్ వాడుకలో "గుడ్" ఫైన్ కన్నా రెండు మెట్లు కింద. బ్రిటిష్ ఈఎఫ్ (ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్) నాణెం అమెరికన్ స్లాబ్‌లో తరచు ఏయూ (అబౌట్ అన్‌సర్క్యులేటెడ్, దాదాపు వాడనిది) అని కూర్చుంటుంది. స్లాబ్ అంకె చూసి బ్రిటిష్ క్యాటలాగ్ గడిలో ధర వెతికితే ఒక మెట్టు ఎక్కువ చెల్లిస్తారు. ఈ నాణేనికి చెవి పైన జుట్టు పోగులు విడివిడిగా ఎంత కనిపిస్తున్నాయో, వెనక డాలులో సింహాల ఒళ్ళు ఎంత నిలిచిందో చూడండి. జుట్టు మొత్తం నున్నగా ఉంటే "గుడ్" అన్న మాటకి డబ్బు ఇవ్వొద్దు.

రెండోది ఎవరూ ఎత్తలేదు. నాణెం ఇండియాకి తెప్పించుకుంటే, వందేళ్ళు దాటిన నాణెం 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది. ప్రైవేటు వ్యక్తి దాన్ని దేశం దాటించడం నిషేధం. అంటే ఆ 14 రోజుల వాపసు, నాణెం హైదరాబాద్ చేరిన రోజే చచ్చిపోతుంది. లండన్ వేలంలో మళ్ళీ అమ్మే దారీ మూసుకుపోతుంది. ఇక్కడ ఈస్టిండియా కంపెనీ రూపాయిలకి ఉన్నంత మంది కొనేవాళ్ళు బ్రిటన్ లోపలి హాఫ్ క్రౌన్లకి లేరు. నాణేన్ని ఇంగ్లండ్‌లోనే తెలిసినవాళ్ళ చేతికి ఇప్పించి, పరీక్షలన్నీ అయ్యాకే నిర్ణయించండి.

సుత్తిదెబ్బ
ఇది చాలా ముఖ్యమైన మాట, నా లెక్కలో లేదు. దీంతో నా అంకె ఇంకా తగ్గుతుంది.

పాత అమ్మకాలు చూసేటప్పుడు ఒక జాగ్రత్త. గత ఐదేళ్ళలో అమ్ముడైనవి కనీసం ఆరు తీసుకుని, వర్ణన వదిలేసి ఫొటోలు పక్కపక్కన పెట్టి పోల్చండి. అన్నిటికన్నా ఎక్కువదీ తక్కువదీ తీసేయండి. తోమినవి వేరే వరుసలో రాయండి. ఈబేలో బేరమాడి అమ్మిన వాటికి కొట్టేసినట్టు కనిపించే అంకె అసలు చెల్లించిన ధర కాదు. అమ్ముడవని ప్రకటనల్లోని అంకెలు అసలే లెక్కలోకి రావు.

రాజముద్ర
డీలర్ బరువు 13.81 అని పంపారు. అంచు ఫొటోలో అతుకు లేదు. ఎడ్వర్డ్ చెంప మీద లైటు వాలుగా పడ్డ ఫొటోలో ఒకే దిశలో సన్నని గీతలు కనిపిస్తున్నాయి. నాణెం ఇంగ్లండ్‌లోనే చూపించుకునే వీలుంది.

కాసులపేరు
ఒకే దిశలో గీతలంటే గుడ్డతోనో పొడితోనో రుద్దారు. అరుగుదల వల్ల పడే గీతలు అన్ని వైపులా పోతాయి. అక్షరాల మూలల్లో పాత బూడిదరంగు మిగిలిందా అడగండి. మిగిలి ఉంటే ఎప్పుడో తోమి తర్వాత వాడుకలో తిరిగింది, అది క్షమించదగ్గ తోముడు. మూలల్లో కూడా తెల్లగా ఉంటే కొత్తగా రసాయనంలో ముంచి తీశారు. మీ చేతికొచ్చాక మాత్రం చింతపండు, విభూతి, టూత్‌పేస్ట్ ఏవీ దగ్గరికి రానివ్వొద్దు.

వెండిగీత
మూలల్లో రంగు ఉంటే 580 దాకా పోవచ్చు. ఈ ఏడాదికి తోమనిది కోసం ఎదురుచూస్తే ఆ ధరకి ఎప్పటికీ రాదు.

సుత్తిదెబ్బ
తోమిన నాణెం, స్లాబ్‌కి పంపితే మామూలు గ్రేడు అంకె రాదు, లోపం ఉందని చెప్పే "డీటెయిల్స్" అనే వస్తుంది. 450తో మొదలుపెట్టండి, 500 దగ్గర ఆగండి. రంగు లేకపోతే 350 కూడా ఎక్కువే.